కనీస వేతనం: సేవ పేరుతో కోత వద్దు

తెలుగు రాష్ట్రాల్లో కనీస వేతనాల జాబితా ఏటా రెండుసార్లు మారుతుంది. ఏప్రిల్ 1 నుంచి ఒకసారి, అక్టోబర్ 1 నుంచి మరోసారి. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచిక ఎన్ని పాయింట్లు పెరిగిందో చూసి, అందుకు తగిన కరువు భత్యాన్ని మూల వేతనానికి కలుపుతూ కార్మిక శాఖ ఉత్తర్వు ఇస్తుంది. పత్రికల్లో అది చిన్న వార్తగా వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. చాలామంది యజమానులకు జాబితా మారినట్టే తెలియదు. తెలిసినవారిలో కొందరు ఆ కాగితాన్ని ఆడిటరుగారికి పంపి, తమ పని అయిపోయిందనుకుంటారు.

ఆ యజమానుల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. మిషన్ ఆసుపత్రి సూపరింటెండెంట్, పాఠశాల కరెస్పాండెంట్, హాస్టల్ నడిపే పాస్టరుగారు, పాస్టరేట్ కమిటీ కోశాధికారి, పుస్తకాల దుకాణమో ప్రింటింగ్ ప్రెస్సో నడుపుకునే విశ్వాసి, వీరంతా నెలనెలా ఎవరో ఒకరికి జీతం ఇచ్చేవారే. ప్రభుత్వం పేదలకు ఏం చేయాలో మన పత్రికల్లో తరచుగా రాస్తుంటాం. ఈ వారం మన చేతిలో ఉన్న జీతాల పుస్తకం గురించి మాట్లాడదలిచాం.

చట్టంలో మారినదేమిటి?

1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టం కింద ప్రభుత్వం షెడ్యూల్‌లో చేర్చిన పనులకే కనీస వేతనం వర్తించేది. మా పని ఆ పట్టికలో లేదు అని తప్పించుకోవడానికి అక్కడ కొంత చోటు ఉండేది. కొత్త కోడ్ షెడ్యూల్ అనే గోడను తీసేసింది. వ్యవస్థీకృత రంగమైనా, అసంఘటిత రంగమైనా ఉద్యోగి అందరికీ కనీస వేతనం హక్కే అని చెప్పింది. కోడ్‌కు విరుద్ధంగా లేనంతవరకు పాత ఉత్తర్వులు కొనసాగుతాయి కాబట్టి, కోడ్ వచ్చింది గనక పాత జాబితా చెల్లదు అనే వాదన కూడా నిలవదు.

రెండో మార్పు జీతం అనే మాటకు అర్థంలో ఉంది. మూల వేతనం, కరువు భత్యం కలిపితే వేతనం. ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం వంటివి అందులోకి రావు. అయితే ఆ మినహాయింపులన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంగానే లెక్కించాలి. ఇప్పటివరకు మొత్తం జీతం పన్నెండు వేలు చూపించి, అందులో మూల వేతనం నాలుగు వేలే పెట్టి, ఆ నాలుగు వేల మీదే పీఎఫ్ కట్టిన సంస్థలకు ఇది తగిలే దెబ్బ.

మూడోది గడువు, శిక్ష. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా అందాలి. మానేసినవారికి, తీసేసినవారికి రావలసింది రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. తక్కువ ఇచ్చారని ఉద్యోగి మూడేళ్ల వరకు వెనక్కి వెళ్లి క్లెయిమ్ వేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు నష్టపరిహారం ఇప్పించే అధికారం ఉంది. జీతం సరిగానే ఇచ్చామని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. పాత చట్టంలో జరిమానా ఐదువందల రూపాయలు. ఇప్పుడది యాభై వేల వరకు. ఐదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కొన్ని రకాల తప్పులు మొదటిసారి దొరికితే సరిదిద్దుకోవడానికి ఇన్‌స్పెక్టర్ అవకాశం ఇస్తాడు. ఆ అవకాశం దాకా ఎందుకు తెచ్చుకోవాలన్నదే మా ప్రశ్న.

ఆ జాబితా ఎంత పెద్దది?

కనీస వేతనం అనగానే యజమాని గుండె గుభేలుమంటుంది. ఆ అంకె నిజంగా ఎంత పెద్దదో చూద్దాం. 1957లో పదిహేనవ భారత కార్మిక సమావేశం దానికి ఒక కొలత పెట్టింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలను మూడు వినియోగ యూనిట్లుగా తీసుకుని, ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఆపైన వంటచెరకు, దీపం వంటి ఖర్చులకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు రాప్టకోస్ బ్రెట్ కేసులో చెప్పింది. ఒక కుటుంబం ప్రాణంతో, కాస్త పరువుతో బతకడానికి కావలసిన లెక్క ఇది. ఇందులో విలాసమేమీ లేదు.

మన రాష్ట్రాల జాబితాలు ఆ కొలతను కూడా పూర్తిగా అందుకోవు. మూల వేతనాలను ఐదేళ్లు దాటకుండా సవరించాలని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెబుతోంది. రెండు రాష్ట్రాల్లోనూ అనేక పనులకు ఆ సవరణ గడువు దాటి ఆలస్యమవుతూ వచ్చింది. మధ్యలో పెరుగుతున్నది కరువు భత్యం మాత్రమే. అంటే ధరలు ఎంత పెరిగాయో అంత. 2024 అక్టోబర్ 1 నుంచి కేంద్ర పరిధిలోని సంస్థల్లో, హైదరాబాద్ వంటి ఎ శ్రేణి నగరాల్లో ఊడ్చి శుభ్రం చేసే కార్మికునికి రోజుకు రూ.783గా నిర్ణయించారు. నెలకు 26 రోజుల చొప్పున రూ.20,358. అదే నగరంలో ప్రైవేటు ఆసుపత్రిలో అదే చీపురు పట్టుకున్న మనిషికి రాష్ట్ర జాబితా ప్రకారం వచ్చేది అంతకంటే తక్కువే.

కాబట్టి ఏప్రిల్‌లో వచ్చే పెరుగుదలను ప్రభుత్వం మన మీద మోపిన కొత్త భారం అనుకోవడం సరికాదు. బియ్యం, నూనె, గ్యాస్ ధర పెరిగినందువల్ల పోయిన ఏడాది జీతం విలువ ఎంత తరిగిందో, అది తిరిగి ఇవ్వడమే అది. ఆ పెరుగుదల ఇవ్వని యజమాని జీతాన్ని ఉన్నచోట ఉంచినట్టు కాదు, తగ్గించినట్టు.

మనం చెప్పుకునే సాకులు

ఇది సేవాసంస్థ, వ్యాపారం కాదు. తరచుగా వినిపించే మొదటి మాట ఇది. సంస్థ ఉద్దేశం సేవ కావచ్చు. కానీ వార్డు ఊడ్చే ఆమె చేసేది ఉద్యోగం. సేవ చేయాలని ఆమె స్వయంగా నిర్ణయించుకుంటే అది ఆమె కానుక. ఆమెను అడగకుండా మనమే ఆమె జీతంలోంచి తీసుకుంటే దానికి వేరే పేరుంది. డయోసిస్ అధికారులు, డాక్టర్లు, ప్రిన్సిపాల్ ఏ మేరకు త్యాగం చేస్తున్నారో చూడకుండా, త్యాగమంతా నాలుగో తరగతి సిబ్బందికి వదిలేసిన సంస్థలు మనకు తెలియనివి కావు.

ఇవ్వడానికి మా దగ్గర లేదు. రెండో మాట ఇది. ఈ మాటకు సుప్రీంకోర్టు 1957లోనే, క్రౌన్ అల్యూమినియం వర్క్స్ కేసులో జవాబు చెప్పింది. కనీస వేతనం కూడా ఇవ్వలేని సంస్థకు నడిచే హక్కు లేదన్నది ఆ తీర్పు సారాంశం. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు చేయించే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని తేల్చింది. వెట్టిచాకిరి అంటే ఏమిటో మన సంఘాల్లో చాలా కుటుంబాలకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. తాతలు చేసినదే. ఆ వెట్టి నుంచి బయటపడే దారి చూపిన సంస్థల ఆవరణలోనే వారి మనుమరాలు జాబితా కంటే తక్కువ జీతానికి పనిచేస్తోందంటే మనం తల దించుకోవాలి.

జీతాలు పెంచితే పేద పిల్లల ఫీజులు పెంచాలి, పేద రోగుల రాయితీ తీసేయాలి. మూడో మాట ఇది. నిజాయితీగా చెప్పేవారూ ఉన్నారు కాబట్టి ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఒక్కసారి లెక్క చూడండి. ఆయాకు నెలకు రెండు వేలు తక్కువ ఇచ్చి, ఆ డబ్బుతో ఒక పిల్లవాడి ఫీజు తగ్గిస్తే, ఆ రాయితీ ఇచ్చింది ఎవరు? సంస్థ కాదు, ఆయా. వార్షికోత్సవ నివేదికలో పేరు మాత్రం సంస్థది. పేదవానికి సాయం చేయడానికి మరో పేదవాని జేబులో చేయి పెట్టడం దానధర్మం కాదు.

గదీ భోజనమూ ఇస్తున్నాం కదా. హాస్టళ్లలో వినిపించే నాలుగో మాట ఇది. జీతానికి బదులుగా వస్తు రూపంలో ఇచ్చేదానిని వేతనంలో 15 శాతం వరకే లెక్కలోకి తీసుకోవచ్చని కోడ్ చెబుతోంది. ఇంటి వసతి, కరెంటు, నీళ్ల విలువ వేతనంలోకే రాదు. రాత్రి పది గంటలకు కూడా పిలిస్తే పలకాలని వంటమనిషికి గది ఇచ్చి, ఆ గదికి ఆమె జీతంలోనే కోత పెట్టడం ఎక్కడి న్యాయం? ఆ రాత్రి పనికి సాధారణ రేటుకు రెట్టింపు ఓవర్‌టైమ్ రావాలన్న సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక నోటితో చెప్పని పద్ధతులు కొన్ని ఉన్నాయి. బ్యాంకులో పూర్తి జీతం వేసి, కొంత నగదు వెనక్కి తీసుకోవడం. ఎనిమిది గంటలు పనిచేయించి మస్టరులో నాలుగు గంటలు రాయడం. జీతం అనకుండా గౌరవ వేతనం అనడం. అందరినీ ఏజెన్సీ కిందికి మార్చి, మాకు సంబంధం లేదనడం. ఇందులో ఏదీ చట్టం ముందు నిలవదు. కాంట్రాక్టరు ఎగవేస్తే బాధ్యత పని చేయించుకున్న సంస్థ మీదికే తిరిగి వస్తుంది. తక్కువ జీతానికి ఒప్పుకుంటున్నానని ఉద్యోగి సంతకం చేసిన కాగితానికి కూడా విలువ లేదు. హక్కు వదులుకునే ఒప్పందం చెల్లదు.

ఉపాధ్యాయుల సంగతి కొంత వేరు. పాఠశాల ఉపాధ్యాయులు 1948 చట్టం పరిధిలోకి రారని 1996లో సుప్రీంకోర్టు హర్యానా పాఠశాలల కేసులో చెప్పింది. ఆ తీర్పును అడ్డు పెట్టుకుని, బీఈడీ చదివిన అమ్మాయికి అదే బడి వాచ్‌మన్ కంటే తక్కువ ఇచ్చే కరెస్పాండెంట్లు ఉన్నారు. చట్టం పట్టుకోలేని చోట కూడా మనస్సాక్షి ఉండాలి కదా.

ఒంగోలులో ఒక పాత లెక్క

మన చరిత్రలో దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1876-78 మధ్య వచ్చిన ధాత కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం తిండిలేక చనిపోతున్నప్పుడు, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగానికి కాంట్రాక్టు తీసుకున్నారు. వేలమందికి పని దొరికింది, చేసిన పనికి కూలి దొరికింది. బోధకులు పని చూసుకునే మేస్త్రీలయ్యారు. ఆ కరువు పనులు సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కూలి ఇచ్చి విశ్వాసం కొన్నామన్న నింద తమకూ వద్దని. బాప్తిస్మాలు ఆ తర్వాత జరిగాయి. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు.

ఆ రోజు సంఖ్యను మనం ప్రతి జూబిలీలోనూ చెప్పుకుంటాం. దానికి ముందు నడిచిన కూలి పుస్తకం గురించి అంతగా చెప్పుకోం. ఆ క్రమాన్ని గమనించండి. ముందు కూలి, తర్వాత పరిచర్య. రెండింటినీ ఆయన కలపలేదు. మనం చేస్తున్నది దీనికి తలకిందులు. పరిచర్య పేరు చెప్పి కూలిని తగ్గిస్తున్నాం.

దశమభాగం గురించి ప్రసంగించేటప్పుడు మలాకీ గ్రంథం మూడో అధ్యాయం పదో వచనం తెరవని పాస్టరుగారు ఉండరు. అదే అధ్యాయం ఐదో వచనం దగ్గర ఎందరు ఆగుతారు? కూలివాని కూలి విషయంలో బాధపెట్టేవారిని దేవుడు అక్కడ వ్యభిచారులతో, అబద్ధ ప్రమాణం చేసేవారితో ఒకే వరుసలో నిలబెట్టాడు. ద్రాక్షతోట యజమాని ఉపమానాన్ని కూడా, నా సొమ్ము నా ఇష్టం అనడానికి వాడుకునేవారు ఉన్నారు. ఆ యజమాని సాయంత్రం వచ్చినవానికి కూడా పూర్తి రోజు కూలి ఇచ్చాడు. ఎవరికీ ఒక దేనారం కంటే తగ్గించలేదు. ఆయన స్వేచ్ఛ ఎక్కువ ఇవ్వడంలోనే కనిపించింది.

ఏం చేయాలి?

మొదట కార్మిక శాఖ తాజా జాబితా తీసుకోండి. మీ సంస్థ ఏ పని కిందికి వస్తుందో, మీ ఊరు ఏ జోన్‌లో ఉందో, ఒక్కొక్కరి పని నైపుణ్యం లేనిదా, కొంత నైపుణ్యం ఉన్నదా, పూర్తి నైపుణ్యం ఉన్నదా చూడండి. పదేళ్లుగా ల్యాబ్‌లో పరీక్షలు చేస్తున్నవారిని కాగితం మీద అటెండరుగా ఉంచవద్దు. మూల వేతనం, కరువు భత్యం కలిపి జాబితా అంకెతో పోల్చండి. భత్యాలను కలిపి పోల్చవద్దు. ఒకే పనికి ఆడవారికి, మగవారికి వేరే రేట్లు ఉంటే వెంటనే తీసేయండి. ఉత్తర్వు ఆలస్యంగా మీ చేతికొచ్చినా, అమలు తేదీ నుంచి బకాయి కట్టండి. జీతం బ్యాంకులో వేసి, ప్రతివారికీ పే స్లిప్ ఇవ్వండి.

తర్వాత లెక్క వేయండి. ఒక చిన్న ఆసుపత్రిలో 20 మంది సహాయ సిబ్బంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి నెలకు రూ.1,800 తక్కువ పడుతోందనుకుందాం. మొత్తం రూ.36,000. జీతాలు పరిమితుల లోపలే ఉంటే పీఎఫ్ యజమాని వాటా 12 శాతం చొప్పున రూ.4,320, ఈఎస్ఐ వాటా 3.25 శాతం చొప్పున రూ.1,170 కలుస్తాయి. నెలకు రూ.41,490, ఏడాదికి రూ.4,97,880. బోనస్, గ్రాట్యుటీ లెక్కలు కూడా దీనితోపాటు కొంత పెరుగుతాయి. చిన్న మొత్తమేమీ కాదు. అయినా ఎక్కడి నుంచి తేవాలో వెతకదగిన మొత్తమే. మిషన్ స్థలాల్లోని దుకాణాలకు ఏళ్ల తరబడి మారని అద్దెలు, ప్రతి ఏటా పెరిగే సభల ఖర్చు, అవసరానికి మించిన సౌండ్ సిస్టం, కమిటీ పెద్దల ప్రయాణాలు, వీటిని ముందు చూడండి. అప్పటికీ చాలకపోతే ఫీజు పెంచక తప్పదని తల్లిదండ్రుల ముందు లెక్కలు పెట్టి చెప్పండి. పేద పిల్లల రాయితీకి సంఘాన్ని బాహాటంగా అడగండి. జీతం కోసమని అడిగితే సంఘం ఇవ్వదనుకోవడం మన సంకోచమే కావచ్చు.

ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. కొత్తగా చేరిన ఆయాకు జాబితా ప్రకారం ఇస్తే, పదిహేనేళ్ల నుంచి ఉన్న ఆయా జీతం కూడా దాదాపు అంతే అవుతుంది. చట్టం కనీసం గురించే చెబుతుంది, అనుభవానికి విలువ కట్టదు. అది కట్టవలసింది మనమే. ఏడాదికి ఇంత అని చిన్న ఇంక్రిమెంటు అయినా రాతపూర్వకంగా పెట్టుకుంటే, పాతవారికి అవమానం ఉండదు.

కొన్ని చోట్ల ఇద్దరిని తీసేసి మిగిలినవారికి పెంచుదామన్న ఆలోచన రావచ్చు. ఆ ఇద్దరి పని మాయమైపోదు, మిగిలినవారి మీద పడుతుంది. నిజంగా నడపలేని స్థితి ఉంటే సిబ్బందిని కూర్చోబెట్టి పుస్తకాలు చూపండి. వారికి తెలియకుండా వారి బతుకు గురించి నిర్ణయం చేయవద్దు.

ఈ సంపాదకీయం రాసే ముందు మేం మా కార్యాలయం జీతాల పుస్తకం కూడా తీసి చూశాం. పత్రికలు కట్టలు కట్టి తపాలాకు చేర్చే వ్యక్తికి గత అక్టోబర్ పెరుగుదల ఇవ్వలేదని తేలింది. కావాలని చేసింది కాదు, ఎవరూ చూడలేదంతే. మనలో చాలామంది విషయంలో జరుగుతున్నది బహుశా అదే. ఆరు నెలల బకాయి ఈ నెల జీతంతో కలిపి ఇచ్చాం. ఆయన డబ్బు లెక్కపెట్టుకుని, ఇది దేనికని అడిగారు. మీదే, మేం ఇవ్వడం మరిచిపోయాం అని చెప్పవలసి వచ్చింది.

చదువరులారా, వచ్చే కమిటీ సమావేశం అజెండాలో ఈ ఒక్క అంశం చేర్చండి. ఊడ్చేవారు, వండేవారు, కాపలా కాసేవారు, వీరి పేర్లు, వీరి జీతాలు, పక్కన జాబితా అంకె. ఈ మూడు వరుసలు రాసిన కాగితం కమిటీ ముందు పెట్టండి. ఆ కాగితం చూశాకే ప్రారంభ ప్రార్థన చేయండి.